ఎల్ఈడీ ఆదా ఎక్కడ పుడుతుంది? విశాఖ ఇంటి మీటరు నుంచి బీచ్ రోడ్డు దాకా

2014 అక్టోబరు 7న స్టాక్‌హోమ్‌లో భౌతికశాస్త్ర నోబెల్ ప్రకటించారు. నీలి వెలుగునిచ్చే ఎల్ఈడీని సాధించినందుకు ఇసాము అకసాకి, హిరోషి అమనో, షుజి నకమురాలకు ఆ బహుమతి దక్కింది. అయిదు రోజులు తిరక్కుండానే, 12వ తేదీ ఆదివారం నాడు, హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చిపెట్టింది. స్తంభాలు నేలకూలి, ఊరు రోజుల తరబడి చీకట్లో మగ్గింది. మళ్లీ వీధి దీపాలు వెలిగించాల్సి వచ్చినప్పుడు పాతవాటినే తిరిగి బిగించకుండా ఎల్ఈడీలకు మారిపోయింది మన నగరపాలక సంస్థ జీవీఎంసీ. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్ఎల్ చేతుల మీదుగా సుమారు 90 వేల దీపాలు మారాయి. దేశంలో ఇంత పెద్ద ఎత్తున వీధి దీపాలు మార్చుకున్న తొలి నగరాల్లో మనది ఒకటి.

ఇళ్లలో ఎల్ఈడీలు దిగిందీ ఇంచుమించు అప్పుడే. పాత ఫిలమెంటు బల్బు తెచ్చిస్తే పది రూపాయలకో ఎల్ఈడీ, ఇంటికి రెండు చొప్పున ఇచ్చిన పథకం చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2015 జనవరి 5న దేశవ్యాప్తంగా మొదలై తర్వాత ఉజాలాగా పేరుపడిన కార్యక్రమం అదే. 2014 మొదట్లో ఈఈఎస్ఎల్ ఒక్కో బల్బును రూ.310 పెట్టి కొనేది. కోట్ల సంఖ్యలో ఒకేసారి టెండర్లు పిలిచేసరికి 2016 సెప్టెంబరు నాటికి అదే ధర రూ.38కి దిగొచ్చింది. ఇప్పుడు కిరాణా కొట్లో కూడా దొరుకుతోంది.

దొరుకుతోంది గానీ, దాని లాభం మీద మన మాటలు మాత్రం "అరవై వాట్ల చోట తొమ్మిది వాట్లు" దగ్గరే ఆగిపోతాయి. ఆ మాట నిజమే. కాకపోతే మీ ఇంట్లో నెలకు ఎంత మిగులుతుందో, కొన్న బల్బు రెండేళ్లకే ఎందుకు పోయిందో, ఏ దీపం ముందు మార్చాలో ఆ అంకెలో ఉండదు. లాభం ఆ బల్బు రోజుకు ఎన్ని గంటలు వెలుగుతుంది, ఎక్కడ బిగించారు అన్నదాన్ని పట్టి వస్తుంది.

వేడి ఎటు పోతుంది

వాటు అంటే బల్బు తినే కరెంటు. అది ఇచ్చే వెలుగును ల్యూమెన్లలో కొలుస్తారు. 60 వాట్ల ఫిలమెంటు బల్బు 700 నుంచి 800 ల్యూమెన్లు ఇస్తుంది. 14 వాట్ల సీఎఫ్ఎల్ ఇచ్చేదీ దాదాపు అంతే. 9 వాట్ల మంచి ఎల్ఈడీ 800 నుంచి 900 దాకా ఇస్తుంది. అందుకే షాపులో వాటు చూసి కొనడం సరికాదు. రెండు కంపెనీల 9 వాట్ల బల్బులు పక్కపక్కనే పెడితే ఒకటి వంద ల్యూమెన్లు తక్కువ ఇవ్వొచ్చు. పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఆ సంఖ్య ఉంటుంది.

ఫిలమెంటు బల్బులో టంగ్‌స్టన్ తీగ ఎర్రగా కాలి వెలుగుతుంది. అది తీసుకునే కరెంటులో నూటికి అయిదు పాళ్లు కూడా కంటికి కనిపించే వెలుగవదు, మిగతాదంతా వేడే. ఎల్ఈడీలో కాలేది ఏమీ లేదు. గాలియం నైట్రైడ్ చిప్‌లో ఎలక్ట్రాన్లు పైస్థాయి నుంచి కిందికి దిగుతూ నేరుగా నీలి కాంతిని విడుస్తాయి. చిప్ మీద పూసిన పసుపు ఫాస్ఫర్ ఆ నీలంలో కొంత పీల్చుకుని పసుపుగా మారుస్తుంది. రెండూ కలిసి కంటికి తెలుపుగా కనిపిస్తాయి. ఎర్ర ఎల్ఈడీ 1962లోనే వచ్చినా, నీలం దొరకక ఇంట్లో తెల్లటి వెలుగుకు మూడు దశాబ్దాలు ఆగాల్సి వచ్చింది. ఆ ముగ్గురికి నోబెల్ ఊరికే రాలేదు.

ఇక్కడే మరో సంగతి ఉంది. పాత బల్బు తన వేడిని వెలుగుతో పాటే గదిలోకి విసిరేస్తుంది. గాజు చేయి కాలేంత వేడెక్కినా దానికేం నష్టం లేదు. ఎల్ఈడీకి ఆ వీలు లేదు. దాని వేడి తక్కువే అయినా అది చిప్ వెనకాల, బల్బు మెడలోనే పోగవుతుంది. అల్యూమినియం ఒంట్లోంచి మెల్లగా బయటి గాలిలోకి పోవాలి. పోలేకపోతే ఏమవుతుందో కాస్త ఆగి చెప్తాను.

బిల్లులో కోత పైమెట్టు నుంచే

మన ఇళ్ల కరెంటు బిల్లు మెట్లు మెట్లుగా ఎక్కుతుంది. 2022 టారిఫ్ ఉత్తర్వు ప్రకారం మొదటి 30 యూనిట్లకు రూ.1.90, అక్కణ్నుంచి 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. కింది లెక్కలన్నీ ఈ రేట్ల మీద వేసినవే. ఇంధన సర్దుబాటు, ట్రూఅప్ లాంటివి వీటికి అదనం కాబట్టి అసలు ఆదా ఇంకాస్త ఎక్కువే ఉంటుంది.

ఈ మెట్ల బిల్లులో మీరు తగ్గించే యూనిటు ఎప్పుడూ చిట్టచివరి యూనిటే, అంటే అన్నింటికన్నా ఖరీదైనది. బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి "సగటున అయిదు రూపాయలు పడుతోంది" అనుకుంటే ఆదా తక్కువగా కనిపిస్తుంది.

ఎంవీపీ కాలనీలో ఒక రెండు పడగ్గదుల ఫ్లాటు అనుకుందాం. నెలకు 240 యూనిట్లు. నాలుగు పాత ట్యూబ్‌లైట్లు, రోజుకు ఆరేసి గంటలు. ట్యూబు మీద 36 లేదా 40 వాట్లని రాసి ఉన్నా, ఇనుము, రాగితీగతో చేసిన పాతకాలపు చోక్ తినేది కలిపితే 50 వాట్ల దాకా లాగుతుంది. దాని చోట 20 వాట్ల ఎల్ఈడీ బ్యాటన్ (ట్యూబులాగే పొడుగ్గా ఉండే ఎల్ఈడీ) పెడితే ఒక్కోదాని మీద 30 వాట్లు తగ్గుతాయి. నాలుగూ కలిపి నెలకు 21.6 యూనిట్లు. వీటిలో 15 యూనిట్లు రూ.8.75 మెట్టు మీదవి, మిగతా 6.6 రూ.6 మెట్టు మీదవి. నెలకు రూ.171 మిగిలింది. బ్యాటన్ ఒక్కోటి రూ.250 అనుకున్నా ఆరు నెలల్లో పెట్టుబడి తిరిగొచ్చేస్తుంది.

అవే నాలుగు ట్యూబులు నెలకు వంద యూనిట్లు కాల్చే ఇంట్లో ఉంటే? తగ్గే యూనిట్లు అవే, మిగిలే డబ్బు మాత్రం రూ.97. వేసవిలో ఏసీ నడిచే నెలల్లో అదే లైటు చేసే ఆదా డిసెంబరులో చేసేదానికంటే ఎక్కువ రూపాయలు తెస్తుంది, ఎందుకంటే అప్పుడు ఇల్లు పైమెట్టు మీద ఉంటుంది.

ఇక గంటలు. స్నానాలగదిలో 60 వాట్ల బల్బు తీసి ఎల్ఈడీ పెట్టారనుకోండి. రోజుకు అరగంట వెలిగితే ఏడాదికి తగ్గేది తొమ్మిది యూనిట్ల చిల్లర, రూ.6 మెట్టు మీద యాభై ఆరు రూపాయలు. అదే బల్బు మెట్ల దగ్గర సాయంత్రం నుంచి తెల్లారేదాకా పన్నెండు గంటలు వెలిగేదైతే ఏడాదికి 223 యూనిట్లు, అంటే రూ.1,340 దాకా. రెండు చోట్లా తగ్గేది 51 వాట్లే. ఒకచోట కాఫీ ఖర్చు, ఇంకోచోట నెల సరుకుల్లో ఒక వాటా.

అన్నింటికన్నా నన్ను ఆశ్చర్యపరిచేది జీరో బల్బు. పేరు చూసి అది కరెంటే తినదనుకుంటారు. ఫిలమెంటు రకం జీరో బల్బు పది నుంచి పదిహేను వాట్లు తింటుంది. దేవుడి గదిలో రాత్రింబవళ్లు వెలిగే చిన్న ఎర్ర బల్బు 15 వాట్లదైతే ఏడాదికి 131 యూనిట్లు. హాల్లో ఉన్న ఒక ట్యూబు మార్చితే మిగిలేదానికి ఇది రెట్టింపు! అర వాటు ఎల్ఈడీ పెడితే ఏడాదికి నాలుగున్నర యూనిట్లతో సరిపోతుంది. ఇంట్లో మార్పు ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే నేను ముందు దేవుడి గది, తర్వాత మెట్లు, గేటు, ఆ తర్వాతే హాలు అంటాను.

బాగా వెలుగుతున్న సీఎఫ్ఎల్ తీసి పారేయడం మాత్రం తొందరపాటే. 14 వాట్ల నుంచి 9కి దిగితే మిగిలేది అయిదు వాట్లు. ఆరు గంటల వాడకానికి ఏడాదికి 11 యూనిట్లు. అది పోయేదాకా వాడుకుని అప్పుడు మార్చుకోవచ్చు. ఎలక్ట్రానిక్ చోక్‌తో నడిచే 28 వాట్ల సన్న ట్యూబులదీ అదే దారి.

ఇంకో ఇబ్బంది ఉంది, దీన్ని ఏ ప్రకటనలోనూ చెప్పరు. వెలుగు చౌకయ్యాక మనం వెలుగు ఎక్కువ వాడతాం. మధురవాడ వైపు కొత్త ఫ్లాట్లలో ఫాల్స్ సీలింగ్ లేని హాలు అరుదు. అందులో పన్నెండు డౌన్‌లైట్లు, ఒక్కోటి 12 వాట్లు. అన్నీ వేస్తే 144 వాట్లు. పాత ఇంట్లో అదే హాలుకు రెండు ట్యూబులు, వంద వాట్లతో సరిపోయేది. ఎల్ఈడీలకు మారాం గదా అనుకుంటూనే వెనకటికన్నా ఎక్కువ కాలుస్తున్నారు. స్విచ్చులు మూడు నాలుగు భాగాలుగా విడదీయమని ఎలక్ట్రీషియన్‌కు ముందే చెప్పుకోవాలి. గోడలకు పుట్టీ పెట్టేశాక చెప్తే వాళ్లు వినరు, వినకపోవడం న్యాయమే.

చిప్ బతికే ఉంటుంది, డ్రైవర్ పోతుంది

పెట్టె మీద 25,000 గంటలు అని ఉంటుంది. రోజుకు ఆరు గంటల లెక్కన పదకొండేళ్లు. ఆ సంఖ్య చిప్‌లకు చాలావరకు నిజమే. అవి ఒక్కసారిగా ఆరిపోవు, వెలుగు మెల్లగా తగ్గుతూ వస్తుంది. మొదట్లో ఇచ్చిన వెలుగులో 70 శాతానికి పడిపోయిన నాడు ఆయుష్షు తీరినట్టు లెక్క. మరి రెండేళ్లకే టక్కున పోయే బల్బుల సంగతేమిటి?

పోయేది ఎక్కువగా డ్రైవర్. 230 వోల్టుల ఏసీ కరెంటును చిప్‌లకు సరిపడే డీసీగా మార్చే చిన్న సర్క్యూటు అది, బల్బు మెడలో కూర్చుని ఉంటుంది. అందులోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌లో ద్రవపదార్థం ఉంటుంది; వేడికి అది ఎండిపోతుంది. ఎలక్ట్రానిక్స్ వాళ్లు వాడే ఒక మోటు లెక్క ప్రకారం ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే కెపాసిటర్ ఆయుష్షు సగమవుతుంది. ఇందాక ఆపిన మాట ఇదే. గేటు స్తంభం మీద అన్నివైపులా మూసిన గాజు గోళంలో, వంటగదిలో పొయ్యికి నేరుగా పైన, గాలాడని ఫాల్స్ సీలింగ్ గూట్లో పెట్టిన ఎల్ఈడీ తన వేడిని తనే మింగి ముందుగానే పోతుంది. కంపెనీని తిట్టుకునే ముందు అదే బల్బు గాలి తగిలే చోట ఎంతకాలం వస్తోందో చూడాలి.

మరీ చౌకరకంలో డ్రైవర్ వేరుగా ఉండదు, చిప్‌ల పలకమీదే అతికించేస్తారు. చిప్‌లన్నీ ఒకే వరసలో ఉంటాయి కాబట్టి ఒక్కటి తెగితే మొత్తం ఆరిపోతుంది. రోడ్డు పక్కన రిపేరు చేసేవాళ్లు ఆ పోయిన చిప్‌ను కలిపేసి బల్బు వెలిగించి ఇస్తారు. వెలుగుతుంది గానీ మిగిలిన చిప్‌ల మీద భారం పెరిగి మళ్లీ కొన్నాళ్లకే వాళ్ల దగ్గరకు వెళ్తారు.

విశాఖలో దీనికి తోడు సముద్రం. బీచ్ రోడ్డు, పెదజాలారిపేట, సాగర్‌నగర్ వైపు ఇళ్లకు ఉప్పుగాలి సంగతి చెప్పక్కర్లేదు. కిటికీ ఊచల మీద, ఏసీ బయటి యూనిట్ల మీద రోజూ చూస్తున్నదే. హోల్డర్‌లోని ఇత్తడి పిన్నులు నల్లబడి, స్ప్రింగు పట్టు సడలితే బల్బు మినుకు మినుకుమంటుంది. అలా కరెంటు తెగుతూ అతుకుతూ ఉంటే డ్రైవర్ దెబ్బతింటుంది. ఒకే హోల్డర్‌లో బల్బులు వరసగా పోతున్నాయంటే మార్చాల్సింది బల్బు కాదు, హోల్డరు. బాల్కనీకీ డాబాకీ దుమ్మూ నీళ్లూ చొరబడని ఐపీ 65 రకం, పౌడర్ కోటింగ్ ఉన్న అల్యూమినియం ఒళ్లు ఉన్నవి తీసుకోవాలి. ఇంట్లో బల్బు తెచ్చి వానచినుకులు పడే చోట పెట్టడం డబ్బు నీళ్లలో పోసినట్టే.

వానాకాలం లైను ట్రిప్పయి తిరిగొచ్చేటప్పుడు వోల్టేజి ఒక్క క్షణం ఎగిసిపడుతుంది. దాన్ని తట్టుకునే శక్తిని పెట్టె మీద కిలోవోల్టుల్లో వేస్తారు. రెండున్నర నుంచి నాలుగు మధ్యలో ఉంటే మేలు. ఏమీ వేయలేదంటే షాపువాడి మాట వినండి: "ఇది రెండేళ్ల గ్యారంటీ సార్, ఇది గ్యారంటీ లేనిది, మీ ఇష్టం." ఆ రెండింటి ధరలో తేడా సాధారణంగా డ్రైవర్‌లో మిగుల్చుకున్నదే. గ్యారంటీ బల్బు మీద తేదీ రాయించుకోవడం మర్చిపోకండి.

స్విచ్ ఆపేసినా ఎల్ఈడీ సన్నగా మెరుస్తోందని భయపడేవాళ్లున్నారు. స్విచ్ ఫేజుకు (కరెంటు వచ్చే తీగకు) బదులు న్యూట్రల్‌ను (తిరిగి వెళ్లే తీగను) తెంచుతుంటే, లేదా స్విచ్‌లోనే చిన్న ఇండికేటర్ దీపం ఉంటే, అతి తక్కువ కరెంటు పారుతూ ఉంటుంది. పాత బల్బుకు అది చాలేది కాదు, ఎల్ఈడీకి చాలు. ఇండికేటర్ వల్లయితే పర్లేదు. న్యూట్రల్ తెగుతుంటే మాత్రం ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. స్విచ్ ఆపి బల్బు మార్చేవాడి చేతికి అప్పటికీ ఫేజు తగులుతుంది.

కొనేటప్పుడు

ఎల్ఈడీ బల్బులకు స్టార్ లేబుల్ 2018 నుంచి తప్పనిసరి, బీఐఎస్ గుర్తూ ఉండాలి. తెలుపులో రకాలు కెల్విన్లలో ఉంటాయి: 2700, 3000 పాత బల్బు లాంటి పసుపు ఛాయ, 4000 మధ్యస్తం, 6500 నీలి ఛాయ తెలుపు. మన షాపుల్లో అడక్కపోతే చేతికొచ్చేది 6500. చదువుకునే బల్లకు బాగుంటుంది, పడగ్గదికి రాత్రిపూట అంత నీలం అక్కర్లేదు. రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో సీఆర్ఐ చెబుతుంది; 80 పైన ఉండాలి. పూర్ణా మార్కెట్లో కూరగాయలు, చేపల మార్కెట్లో వంజరం ముక్క ఇంటికొచ్చాక వేరే రంగులో కనిపిస్తే అనుమానించాల్సింది ముందు అక్కడి దీపాన్నే. ఫోన్ కెమెరా బల్బు వైపు పెడితే తెరమీద నల్లటి పట్టీలు గట్టిగా కదులుతున్నాయా, ఆ బల్బు కంటికి తెలియకుండా వణుకుతోందన్నమాట. తరచూ తలనొప్పి వచ్చేవాళ్లు దాని కింద చదవకపోవడమే మంచిది.

వీధిలో లెక్క వేరు

ఇంట్లో ఎల్ఈడీ ఫిలమెంటును ఓడించినంత తేలిగ్గా వీధిలో నారింజ రంగు వెలుగునిచ్చే పాత సోడియం దీపాన్ని ఓడించలేదు. 250 వాట్ల సోడియం దీపం వాటుకు వంద ల్యూమెన్ల పైనే ఇచ్చేది. 2014 నాటి ఎల్ఈడీ కూడా ఇంచుమించు అంతే. మరి 120 వాట్ల ఎల్ఈడీ దాని చోటు ఎలా భర్తీ చేసింది? సోడియం దీపం నలువైపులా వెలుగు చిమ్ముతుంది. ఆకాశంలోకి, పక్క మేడ మూడో అంతస్తు కిటికీలోకి, స్తంభం వెనక గోడమీదికి పోగా మిగిలిందే రోడ్డు మీద పడేది. పైగా దాని చోక్ మరో పాతిక వాట్లు తినేది. ఎల్ఈడీ వెలుగు పుట్టుకతోనే ఒకవైపుకు ఉంటుంది; లెన్సు పెట్టి రోడ్డు వెడల్పుకు కత్తిరించుకోవచ్చు. నారింజ రంగు వెలుగులో ఎర్ర చొక్కా, గోధుమ రంగు చొక్కా ఒకేలా కనిపించే బాధా పోయింది.

ఈ ఆదాకు ఒక వేళ కూడా ఉంది. ఇళ్లలో, వీధుల్లో దీపాలన్నీ ఒకేసారి వెలిగేది సాయంత్రం ఆరు నుంచి పది మధ్యలో. అప్పటికి సోలార్ ఉత్పత్తి ఆగిపోతుంది, ఇళ్లలో వాడకం పెరుగుతుంది. ఆ వేళకు కావాల్సిన కరెంటులో పెద్ద వాటా బొగ్గుదే, మన పక్కనే పరవాడలో 2,000 మెగావాట్ల సింహాద్రి కేంద్రం లాంటివి కాల్చే బొగ్గు. మధ్యాహ్నం మిగిల్చే యూనిటు కన్నా రాత్రి ఎనిమిదింటికి మిగిల్చే యూనిటు గ్రిడ్‌కు విలువైనది. ఎల్ఈడీ సరిగ్గా ఆ వేళకే పనిచేస్తుంది.

సముద్రం ఒడ్డున మాత్రం తెల్లటి ఎల్ఈడీ అంత మంచిది కాదని నా అభిప్రాయం. విశాఖ తీరానికి ఏటా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వచ్చి గుడ్లు పెడతాయి, అటవీశాఖ వాటికోసం తీరంలో హేచరీలు (గుడ్లు కాపాడి పొదిగించే చోట్లు) నడుపుతోంది. రాత్రి గుడ్డులోంచి బయటపడిన పిల్ల అన్నింటికన్నా వెలుగుగా ఉన్న దిక్కుకు పాకుతుంది. కోట్ల ఏళ్లుగా ఆ దిక్కు సముద్రమే. ఇప్పుడు వెనకవైపు రోడ్డు అంతకన్నా వెలుగుతోంది. తాబేలు పిల్లల కళ్లు నీలి, తెల్లటి కాంతికి ఎక్కువ లొంగుతాయి, ఎరుపు, నారింజలకు తక్కువ. పాత సోడియం దీపమే వాటికి నయం అనిపించే పరిస్థితి. దీనికి ఎల్ఈడీలోనే మందుంది: నీలం లేని నారింజ రంగు ఎల్ఈడీలు, ఇసుక వైపు రేకు అడ్డు, స్తంభం ఎత్తు తగ్గించడం, పిల్లలు బయటికొచ్చే నెలల్లో అర్ధరాత్రి తర్వాత వెలుగు తగ్గించడం. కట్టుదిట్టంగా చేస్తే రోడ్డుకూ లోటు రాదు.

బలమైన ఎల్ఈడీలతో సముద్రంలో చేపలను పోగేసి పట్టడాన్ని కేంద్రం 2017 నవంబరులోనే నిషేధించింది. చౌక వెలుగు అన్నిచోట్లా మేలే అనుకోవడానికి లేదని మన ఫిషింగ్ హార్బర్‌లో అడిగితే చెప్తారు.

ఇక తీసేసిన పాత ట్యూబుల సంగతి. సీఎఫ్ఎల్‌లో, ట్యూబులో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది, ఎల్ఈడీలో ఉండదు. పాదరసం వాడకాన్ని తగ్గించే అంతర్జాతీయ మినమాటా ఒప్పందం కింద మామూలు సీఎఫ్ఎల్‌ల తయారీ, ఎగుమతి, దిగుమతులు 2025 చివరికి, ట్యూబులవి 2027 చివరికి ఆపాలని దేశాలు అంగీకరించాయి. అంటే రాబోయే రోజుల్లో ఊరంతటా ట్యూబులు దిగుతాయి. వాటిని మామూలు చెత్తలో వేసి బండివాళ్ల చేతుల్లో పగలనివ్వకండి. అవి ఈ-వ్యర్థాల కిందికి వస్తాయి, విడిగా అట్టలో చుట్టి అప్పగించాలి. ఇంట్లో పగిలితే ఫ్యాను ఆపి, కిటికీలు తీసి, పిల్లల్ని బయటికి పంపి ఓ పావుగంట ఆగండి. చీపురు, వాక్యూమ్ వాడొద్దు, పొడి గాల్లోకి లేస్తుంది. రెండు అట్టముక్కలతో ఎత్తి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డతో సహా మూతున్న డబ్బాలో పెట్టేయండి.